మేక అంతయ్య నమిలిన ఆకు

సరూర్‌నగర్ చెరువు వెనక సందులో పొద్దున్నే గోనెపట్టా పరిచి ఆకుకూర అమ్మే అంతయ్యను అందరూ మేక అంతయ్య అంటారు. ముఖం మీదే అంటారు. అతను మేకలు కాయలేదు, పెంచలేదు. ఎవరైనా వచ్చి కట్ట చేతిలోకి తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, "మోరి నీళ్లదా?" అని అడిగితే చాలు, ఆ కట్టలోంచే ఒక ఆకు లాగి, కడగకుండా, తుడవకుండా నోట్లో వేసుకుని నమిలి మింగేస్తాడు. నమిలినంతసేపూ అడిగినవాళ్ల కళ్లలోకే చూస్తాడు. ఆ చూపుకు సగంమంది సిగ్గుపడి బేరం కూడా ఆడరు. పాలకూరైనా అంతే, చుక్కకూరైనా అంతే. ఒకసారి ఓ పెద్దావిడ మొండికేస్తే పచ్చి మెంతికూర గుప్పెడు తిని చూపించాడు. ఆ రోజంతా నోరు చేదు.

మోరి అంటే మురుగు కాలువ. ఆ ప్రశ్న పట్నానికి ఈ తూర్పు దిక్కున ఊరికే పుట్టలేదు. మురుగు తాగి పెరిగిన కూర ఎంత పచ్చగా ఉంటుందో, ఆకు ఎంత వెడల్పుగా వస్తుందో ఇక్కడ అందరికీ తెలుసు. తెలిసీ అడగనివాళ్లే ఎక్కువ. పచ్చగా కనిపిస్తే సంచిలో వేసుకుని పోతారు, ఇంటికి పోయి ఉప్పునీళ్లలో ముంచి పాపం కడిగేసుకున్నామనుకుంటారు. వాళ్లంటే అంతయ్యకు గిట్టదు.

అసలు అంతయ్యకు అసహ్యం జాస్తి. మనిషికో గుణం ఉంటుంది, ఇతనిది ఇది. గుట్కా నమిలి గోడ మీద ఉమ్మేవాణ్ణి చూస్తే అసహ్యం, మూతి తుడుచుకున్న చేత్తోనే కూర కట్ట పిసికేవాణ్ణి చూస్తే ఇంకా అసహ్యం. నిన్నటి కూర మీద నీళ్లు చల్లి ఇప్పుడే కోసుకొచ్చామనేవాళ్లను చూస్తే మాట కూడా దండగ అన్నట్టు పక్కకు తిరిగి ఉమ్మేస్తాడు. "ఈ లోకంల నీకు నచ్చింది ఏమన్న ఉన్నదా అయ్యా," అని భార్య సత్తెమ్మ విసుక్కుంటే, "ఉన్నది. మడి," అంటాడు. మడి అంటే అతనికి పాలకూర మడి. ఇంకో రకం మడి అతనికి తెలియదు.

ఆ మడి దాకా రావడానికి తొమ్మిదేళ్లు పట్టింది. దేవరకొండ దిక్కు నుంచి సత్తెమ్మను వెంటబెట్టుకుని వచ్చిన కొత్తలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో హమాలీ పని దొరికింది. అప్పట్లో మార్కెట్ అక్కడే ఉండేది. మోత పని అతనికి కష్టం అనిపించలేదు. కానీ అతని సేటు మోయించి ఊరుకునే మనిషి కాదు. బత్తాయి బుట్ట సర్దేటప్పుడు కుళ్లిన పక్క కిందికి, మంచి పక్క పైకి తిప్పి పెట్టించేవాడు. మెత్తబడ్డ చోట వేలు లోపలికి దిగబడేది. పుల్లటి నీళ్లు మోచేతి దాకా కారేవి, వాటి వెంట ఈగలు. ఇంటికి పోయి ఎంత సబ్బు రుద్దినా గోళ్ల సందుల్లో ఆ వాసన ఉండిపోయేది. అన్నం ముద్ద నోటి దాకా వచ్చి ఆగేది.

ఒకరోజు ఒక ముసలామె వచ్చింది. మనవరాలు దవాఖానలో ఉంది, జర మంచివి చూసి ఇయ్యి బిడ్డా, అంది. సేటు కళ్లతోనే ఒక బుట్ట చూపించాడు. అంతయ్య ఆ బుట్టలోవే ఏరి ఇచ్చాడు. మంచి పక్క పైకి పెట్టి మరీ ఇచ్చాడు. ఆమె "సల్లగుండు కొడుకా" అని తల నిమిరి పోయింది. ఆ తల నిమిరిన చెయ్యి అతణ్ణి చెంపదెబ్బ కన్నా ఎక్కువ బాధపెట్టింది. మర్నాడు పనికి పోలేదు, ఆ తర్వాత ఎప్పుడూ పోలేదు.

బడంగ్‌పేట్ దాటాక ధనరాజ్ అనే ఆసామికి ఇరవై గుంటల చెలక, అంటే అరెకరం మెట్ట భూమి, ఉండేది. ధనరాజ్ తాతలు నాగలి పట్టినవాళ్లు, ధనరాజ్ మాత్రం ప్లాట్లు అమ్మే మనిషి. ధర పెరిగేదాకా భూమి ఖాళీగా ఉంటే ఎవడైనా కబ్జా పెడతాడని భయపడి అంతయ్యకు కౌలుకిచ్చాడు. "నువ్వేం పండిస్తవో నాకెందుకు, ఎవడు హద్దు కడీలు పాతకుండ చూసుకో, గంతే," అన్నాడు. భూమి అంటే వాడికి అంతే. అంతయ్య మాత్రం ఒక ఎండాకాలం మొత్తం ఆ చెలకలో రాళ్లు ఏరాడు. పాత బోరును బాగు చేయించాడు. మేకల పెంట, పశువుల పెంట తెచ్చి కలిపాడు. మొదటి కోతనాడు పాలకూర ఆకొకటి తెంపి నోట్లో వేసుకుని, "దీన్ని ఎవలకిచ్చినా నాకు భయం లేదు," అన్నాడు సత్తెమ్మతో. అప్పుడు పట్టింది నమిలే అలవాటు.

ఇరవై ఏళ్లుగా అదే పని. తెల్లవారకముందే కోత, నడుం వంగి మంచులో తడిసిన ఆకు కోస్తుంటే వేళ్లు తిమ్మిరెక్కుతాయి. కట్టలు కట్టి, టీవీఎస్ బండికి రెండు పక్కలా మూటలు వేలాడేసి, లారీల మధ్య నుంచి ఎల్బీనగర్ చౌరస్తా దాటి సరూర్‌నగర్ చేరేసరికి ఒళ్లు హూనం. అయినా గురువారం అంటే అతనికి హుషారు. ఆ రోజు ఉదయలక్ష్మి వస్తుంది. ఆమె దగ్గర్లోని సర్కారు బడిలో మధ్యాహ్నం భోజనం వండుతుంది. నూట నలభై మంది పిల్లలు. గురువారం పాలకూర పప్పు. నలభై కట్టలు రెండు సంచుల్లో కూరుకుని పోతుంది. అంతయ్య ఒక్కసారి బండి ఆపి ఆ బడి గోడ మీంచి చూశాడు. పిల్లలు వరసగా కూర్చుని పళ్లేలు నాకుతున్నారు. ఇంటికి పోగానే సత్తెమ్మను పిలిచాడు. "నాకినరే," అన్నాడు, "పళ్లెం మొత్తం నాకినరు." ఆ మాట ఆమెకు నాలుగుసార్లు చెప్పాడు.

ఈ ఏడు వానలు తగ్గుముఖం పడుతున్న రోజుల్లో ఆ మడి మీద దెబ్బ పడింది.

చెలకను ఆనుకుని ఎగువన ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ ఒకటి లేచి రెండేళ్లయింది. ఒక పొద్దున అంతయ్య గట్టు మీదికి వచ్చేసరికి వాసన ముందు ఎదురొచ్చింది. అపార్ట్‌మెంట్ ప్రహరీ కింద కొత్తగా బొక్క పడి ఉంది, అందులోంచి చేతి లావు పైపు బయటికి వచ్చింది. పన్నెండు రోజుల పాలకూర మడి చీలమండ లోతు నల్లనీళ్లలో మునిగి ఉంది. నీళ్ల మీద తెల్లటి నురగ. నురగ మీద వెంట్రుకల ఉండలు, పసిపిల్లల గుడ్డలు, రక్తం మరకల పట్టీలు, తెలియని ఇంకేవో. లేత మొక్కల నెత్తిన పేగుల్లా ఏదో చుట్టుకుని ఉంది. అంతయ్య గట్టు మీదే కూలబడి వాంతి చేసుకున్నాడు.

అదే లుంగీతో, అదే బురదతో పైకి పోయాడు. అసోసియేషన్ పెద్ద గంగాధరరావు కింద నిలబడి ఫోను చూసుకుంటున్నాడు. విజయవాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి, తెల్లటి చొక్కా, నుదుట విభూది. అంతయ్య చెప్పిందంతా ఫోను మీంచి కళ్లు ఎత్తకుండానే విన్నాడు.

"సెప్టిక్ ట్యాంక్ మోటారు పాడైంది, ట్యాంకరు వాడు రానంటున్నాడు. నాలుగు రోజులు ఓపిక పట్టవయ్యా," అన్నాడు. "అయినా నీకొచ్చిన నష్టం ఏముంది? ఎరువేగా. నువ్వు కొనుక్కోవాల్సింది ఉత్తినే వస్తోంది."

"గది మీ పియ్యి సార్," అన్నాడు అంతయ్య.

"మర్యాదగా మాట్లాడు," అని గంగాధరరావు లిఫ్టు ఎక్కి పోయాడు. పై నుంచి వదిలింది మర్యాదే, కింద పేరు పెట్టి పిలిచింది అమర్యాద. ఈ లెక్క ఎవరు నేర్పారో వాళ్లకే తెలియాలి.

నాలుగు రోజుల తర్వాత నీళ్లు ఆగాయి. అంతయ్య పైపు మూతికి రాళ్లు, సిమెంటు పెట్టి మూసేశాడు. నిలిచిన నీళ్లు బొచ్చెలతో ఎత్తి పోశాడు. పట్టీలు, గుడ్డలు చేత్తో ఏరాడు. మోచేతి దాకా నల్లగా అయింది. ఆ సాయంత్రం సబ్బు అరిగిపోయేదాకా రుద్దుకున్నాడు, గోళ్ల సందుల్లో వాసన పోలేదు. అన్నం ముద్ద నోటి దాకా వచ్చి ఆగింది. ఇరవై తొమ్మిదేళ్ల కింద ఆగినట్టే ఆగింది.

పాలకూర చచ్చిపోతుందనుకున్నాడు, చస్తే బాగుండు. దున్నేసి చేతులు దులుపుకునేవాడు. అది చావలేదు. వారం తిరిగేసరికి నిలబడింది, రెండు వారాలకు మడి మొత్తం కమ్ముకుంది. అరచేయంత ఆకులు, నూనె రాసినట్టు మెరుపు, ఒక్క పురుగు కొరుకు లేదు. ఇరవై ఏళ్లలో ఇంత అందమైన పాలకూర అతని చేతుల్లో పండలేదు. దాన్ని చూసినప్పుడల్లా అతనికి ఒళ్లు గగుర్పొడిచేది. అంత కష్టపడి పెంట మోసి సాకితే రాని నిగనిగ, కడుక్కున్న నీళ్లు తాగి వచ్చింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి?

బుధవారం సాయంత్రం సత్తెమ్మ గట్టు మీద నిలబడి మడి వంక చూసింది.

"రేపు కోద్దాం," అంది.

"ఇది కూర కాదు."

"కూర కాకుంటే ఏంది? మెంతికూర వానకు మురిగిపాయె, కొయ్యగూర ఇంక జానెడు లేదు. రేపు గురువారం. ఉదయలక్ష్మి ఒస్తది. ఒట్టి చేతులు చూపిస్తవా? బోరు నీళ్లల్ల మూడుసార్లు జాడిస్త. ఆమె ఎట్లయినా ఉడకబెడ్తది. ఉడికితే అన్నీ చస్తయ్." గొంతు తగ్గించి అంది, "మనం ఒద్దంటే ఆమె పక్కోని దగ్గర కొంటది. ఆడిది మాత్రం ఏం నీళ్లదో నీకు తెల్వదా? ఊరంత తింటలేదా?"

పొద్దున అంతయ్య కొడవలి పట్టుకుని మడిలోకి దిగాడు. సత్తెమ్మ అన్నట్టే మూడుసార్లు జాడించింది. కట్టలు కట్టేటప్పుడు అంతయ్య చేతులు వాటంతట అవే ఒక పని చేస్తున్నాయి. అడుగున కాడకు నల్లటి జిగురు మిగిలిన చోటును లోపలికి మడిచి, మంచి ఆకును పైకి తిప్పి కడుతున్నాయి. మూడో కట్ట దగ్గర ఆ సంగతి కనిపెట్టాడు. కనిపెట్టీ కట్టాడు.

ఆ రోజు సత్తెమ్మ కూడా సందుకు వచ్చింది. గోనెపట్టా మీద కుప్ప పోయగానే సందు మొత్తం పచ్చబడింది. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. మొదట వచ్చి నిలబడ్డవాడు గంగాధరరావు.

గురువారం కదా, దిల్‌సుఖ్‌నగర్‌లో బాబా గుడికి పోయి వస్తున్నాడు. నుదుట విభూది, చేతిలో ప్రసాదం పొట్లం. అంతయ్య అతణ్ణి చూడగానే గుర్తుపట్టాడు. అతను గుర్తుపట్టలేదు. ఎలా పడతాడు, ఆనాడు ముఖం చూస్తే కదా? కట్ట ఒకటి ఎత్తి, అటూ ఇటూ తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"భలే ఉందే పాలకూర. డ్రైనేజీ నీళ్లది కాదు కదా?" అన్నాడు.

అంతయ్య నోరు తెరిచేలోపే ఇరవై ఏళ్ల అలవాటు చేతిని లాక్కుపోయింది. కట్టలోంచి ఒక ఆకు తెంపింది, నోట్లో పెట్టింది. పళ్లు నమిలేశాయి.

ఆకు కమ్మగా ఉంది.

కంపు లేదు, చేదు లేదు, జిగట లేదు. తియ్యగా, లేతగా, ఎప్పటి పాలకూరలాగే ఉంది. ఇంకా చెప్పాలంటే ఎప్పటిదానికన్నా బాగుంది. నాలుక ఏమీ చెప్పలేదు. గొంతు అడ్డు చెప్పలేదు. మింగుడు పడిపోయింది. ఇన్నేళ్లు ఏం నమిలాడు మరి? ఏం చూపించాడు? జనం నమ్మింది ఆకు రుచిని కాదు, అంతయ్య ముఖాన్ని. ఆ ముఖం ఇప్పుడు పియ్యి నీళ్ల ఆకు నమిలి, ఎదుటివాడి కళ్లలోకి ఎప్పటిలాగే చూస్తోంది.

"సరే, రెండు కట్టలియ్యి," అన్నాడు గంగాధరరావు.

ఇవ్వాలనిపించింది. ఒట్టు, ఆ క్షణం అతనికి ఇవ్వాలనే అనిపించింది. వాడిది వాడికి పోతుంది, వాడే పప్పులో వేసుకుని వేలు నాకుతాడు. రెండు కట్టలు ఎత్తి చెయ్యి చాచాడు కూడా. సరిగ్గా అప్పుడే గంగాధరరావు భుజం వెనక నుంచి ఉదయలక్ష్మి రెండు ఖాళీ సంచులతో వచ్చింది.

"అన్నా, ఏం కూరనే ఇది, ఇట్లుంది," అంది మురిసిపోతూ. "పోయిన గురువారం లేదంటివి, పోరగాండ్లు ఒట్టి పప్పు తినలేక ఆగమాగం జేసిన్రు. ఇయ్యాల నలభై కాదు, యాభై ఎయ్యి." సంచి నోరు తెరిచి పట్టుకుంది. ఒక చేత్తో కుప్పలోంచి కట్టలు తీసి లోపల వెయ్యడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు.

కుప్ప ఒకటే. వాడికి ఇస్తే ఈమెకూ ఇవ్వాల్సిందే. అంతయ్య సంచిలో చెయ్యి పెట్టి ఆ మూడు కట్టలూ బయటికి లాగేశాడు.

"ఒద్దు చెల్లె. ఇది మోరి కూర," అన్నాడు.

మెల్లగానే అన్నాడు. అయినా సందులో అందరికీ వినిపించింది. ఇరవై ఏళ్లుగా ఆ మాటను అడిగించుకున్న మనిషి, ఆ మాట తన నోటితో అన్నాడు. పక్క దుకాణం వాడు తూకం రాయి చేతిలోనే పట్టుకుని ఇటు తిరిగాడు. సత్తెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మరి ఇప్పుడే తిన్నావుగా నా ఎదురుగా," అన్నాడు గంగాధరరావు, మోసపోయినవాడిలా.

"తిన్న సార్. మంచిగనే ఉన్నది. నీళ్లు మీవే. మీ గోడ కింద పైపుల నుంచి ఒచ్చినయ్," అన్నాడు అంతయ్య. "ఎరువు అన్నరు గద. పండింది. తీస్కపోతరా?"

గంగాధరరావు అప్పుడు మొదటిసారి అతని ముఖంలోకి చూశాడు. చేతిలోని కట్టను తేలు కుట్టినట్టు కింద పడేసి, చెయ్యి చొక్కాకు తుడుచుకున్నాడు. తెల్లచొక్కా మీద పచ్చటి మరక పడింది. అక్కణ్ణుంచి నడిచిపోయాడు.

అంతయ్య కుప్ప మొత్తాన్ని గోనెలో కుక్కి మూట కట్టాడు. గోడ పక్కకు పోయి నోరు ఎండిపోయేదాకా ఉమ్మాడు. వాడి మీద కాదు, తన నోటి మీద తనకే రోత పుట్టింది. ఆ తర్వాత రెండు రోజులు కడుపునొప్పి వస్తే బాగుండుననుకున్నాడు, జ్వరమైనా వస్తే బాగుండుననుకున్నాడు. ఏమీ రాలేదు. ఆ ఏమీ రాకపోవడమే అతనికి అన్నిటికన్నా అసహ్యం వేసింది.

ఉదయలక్ష్మి ఖాళీ సంచులు మడిచి చంకలో పెట్టుకుని, పక్క దుకాణం వైపు కూడా చూడకుండా పోయింది. బడి పిల్లలు ఆ గురువారం కూడా ఒట్టి పప్పే తిన్నారు.

ఆ మడిలో అంతయ్య బంతి నారు పెట్టాడు. బంతిపూలు ఎవరూ తినరు. చెలకలో ఆ చివర, అపార్ట్‌మెంట్‌కు దూరంగా, కొత్త మడి తవ్వి పాలకూర చల్లాడు. అది కోతకు వచ్చేదాకా సందులో గోనెపట్టా పరవలేదు. మళ్లీ పరిచిన రోజు కొనేవాళ్లు సగానికి సగం తగ్గారు. కొందరు "మోరి అంతయ్య" అని నవ్వుకుంటూ పోయారు. ఆకులు చిన్నవి, రెండు మూడు చోట్ల పురుగు కొరికిన చిల్లులు. ఎవరైనా ఏం నీళ్లదని అడిగితే అతను నమలలేదు. "బోరు నీళ్లది," అని చెప్పి ఊరుకున్నాడు. నమ్మినవాళ్లు నమ్మారు, లేనివాళ్లు పక్క దుకాణంలో పచ్చటివి కొనుక్కున్నారు.

ఆ రోజే ఎండ ఎక్కుతుండగా ఉదయలక్ష్మి రెండు సంచులతో వచ్చి నిలబడింది. కట్ట ఎత్తింది, చిల్లులు చూసింది. అంతయ్య చెయ్యి పాత అలవాటున ఆకు తెంపి నోటి దాకా పోయింది.

ఆమె ఆ చెయ్యి పట్టి ఆపింది.

"ఆ తినుడు బంద్ చెయ్యి అన్నా," అంది. "నాకు చూపెట్టొద్దు. నలభై కట్టలు లెక్కబెట్టు, అక్కడ పప్పు పొయ్యి మీద పెట్టి ఒచ్చిన."